అదే క్లాసులో రెండోసారి

హెడ్మాస్టర్ గారికి, మా లెక్కల మాస్టారికి, ఇక్కడున్న టీచర్లకీ తల్లిదండ్రులకీ నమస్కారం. తొమ్మిది, పది తరగతుల తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఆఖరి పీరియడ్ ఎగిరిపోయిందన్న సంతోషం మీ మొహాల్లో కనిపిస్తూనే ఉంది. దాన్ని పాడుచేయకుండా మాట్లాడటానికి చూస్తాను.

నేను ఈ బళ్ళోనే పదో తరగతి దాకా చదివాను. తర్వాత నాన్నగారి ఉద్యోగం వల్ల అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, కొలంబస్ వెళ్ళాం. అక్కడ హైస్కూల్లో ఉండగా ఒక వేసవిలో రాస్ మ్యాథమెటిక్స్ ప్రోగ్రామ్ అనే లెక్కల సమ్మర్ స్కూల్‌కి వెళ్ళాను. మరుసటి ఏడు మళ్ళీ అక్కడికే వెళ్తున్నానని ఫోన్లో చెబితే మా అమ్మమ్మ, "అదేమిటే, పోయినేడు తప్పావా?" అంది. తప్పడానికి అక్కడ పరీక్షలే లేవు. రెండో ఏడు నన్ను పిలిచింది చదువుకోవడానికే, కానీ కొత్తగా వచ్చిన పిల్లలకి తోడుగా ఉంటూ చదువుకోవడానికి. వాళ్ళు జూనియర్ కౌన్సిలర్ అంటారు, మనం మెంటర్ అనుకుందాం. ఆ పని గురించి చెప్పమనే మాస్టారు నన్ను పిలిచారు.

ముందు ఆ బడి సంగతి. ఆర్నాల్డ్ రాస్ అనే గణితవేత్త 1957లో నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో హైస్కూల్ పిల్లల కోసం దీన్ని పెట్టారు. ఆయన ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి మారినప్పుడు ఇదీ ఆయన వెంటే వచ్చింది. తొంభై దాటాక కూడా నడిపించారు, 2002లో పోయారు. "సులువైన విషయాల గురించే లోతుగా ఆలోచించండి" అన్నది ఆయన మాట. అందుకే అక్కడ కాలిక్యులస్ ఉండదు, మీరు భయపడే త్రికోణమితీ ఉండదు. ఆరు వారాల పాటు పూర్ణ సంఖ్యలే. పొద్దున క్లాసు, ఆ తర్వాత చేతికో ప్రశ్నల కాగితం, మిగతా రోజంతా దానితోనే కుస్తీ. గైడు లేదు, వెనక పేజీలో జవాబులు లేవు.

మొదటి వారం ప్రశ్నలు ఎలా ఉంటాయో ఒకటి చెబుతాను. ఏ సంఖ్యనైనా సున్నాతో గుణిస్తే సున్నా వస్తుంది, రుజువు చెయ్యి. మీరు నవ్వుతున్నారు, నేనూ నవ్వాను. సంకలనం, గుణకారం, విభాగ న్యాయం, ఇలా నాలుగైదు నియమాలు మాత్రమే ఇచ్చి, వాటితోనే చేయమంటారు. సున్నా ప్లస్ సున్నా సున్నాయే కదా, అక్కడి నుంచి లాగాలి. అది తేలాకే మైనస్ ఒకటిని మైనస్ ఒకటితో గుణిస్తే ప్లస్ ఒకటి ఎందుకొస్తుందో చెప్పగలం. మన క్లాసులో అది "మైనస్ ఇంటూ మైనస్ ప్లస్" అని పాటలా వచ్చేస్తుంది, ఎందుకు అని అడిగినవాణ్ణి వెనక బెంచీ వాడు గిల్లుతాడు.

ఈ ప్రశ్నల వల్ల ఇంకో మేలుంది, అది మెంటర్‌గా వెళ్ళాకే గమనించాను. మొదటి రోజు పిల్లలు రెండు జట్లుగా చీలిపోతారు. ఒలింపియాడ్‌లకి తయారైనవాళ్ళు సిద్ధాంతాల పేర్లు వల్లిస్తుంటారు. చిన్న ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు తమని ఏదో పొరపాటున పిలిచారనుకుని డైనింగ్ హాల్లో ఓ మూల కూర్చుంటారు. సున్నా ప్రశ్న దగ్గరికొచ్చేసరికి మొదటి జట్టుకి వాళ్ళు నేర్చిన పెద్ద పేర్లు ఒక్కటీ అక్కరకు రావు. రాత్రికల్లా ఇద్దరూ ఒకే బల్ల దగ్గర తలపట్టుకుని ఉంటారు. మెంటర్ చేయాల్సింది అక్కడికి మరో కుర్చీ లాగడమే.

మరి మెంటర్ ఇంకేం చేస్తాడు? పిల్లలతో పాటు అదే హాస్టల్లో ఉంటాడు, వాళ్ళు రాసిన రుజువుల్ని పంక్తి పంక్తీ చదువుతాడు, మార్జిన్‌లో రాసి తిరిగిస్తాడు. మార్కులు వేయడు. సరిగ్గా రాకపోతే మళ్ళీ రాయమంటాడు. జవాబు మాత్రం చెప్పడు. ఈ ఆఖరిదే అన్నింటికన్నా కష్టం. మన దగ్గర తెలిసినవాడు చెప్పకపోతే గర్వం అంటాం, చెప్పేదాకా వదలం. నాకూ అదే అలవాటు. ఎవరైనా అడిగితే పెన్ను లాక్కుని చేసి చూపించేయాలనిపిస్తుంది. అలా చేసి చూపించేటప్పుడు తల ఊపినవాడు రేపు ఇంకో లెక్క తెస్తాడు, దాన్నీ నేనే చేయాలి. లెక్కలు వచ్చేది నాకు, తల ఊపడం వచ్చేది వాడికి.

ఒక రాత్రి సంగతి వివరంగా చెబుతాను, బోర్డు మీద రాయకుండా చెప్పగలనేమో చూద్దాం. ఒక కుర్రాడు కాగితం పట్టుకొచ్చాడు. ఆ కాగితాల్లో ఒక రకం ప్రశ్నలుంటాయి: రుజువు చెయ్యి, లేదా తప్పని చూపించు, తప్పైతే బాగుచెయ్యి. ఆ రోజు ప్రశ్న ఇది. ఒక సంఖ్య రెండు సంఖ్యల లబ్ధాన్ని నిశ్శేషంగా భాగిస్తే, ఆ రెంటిలో ఒకదాన్నైనా భాగించి తీరాలి. నిజమా? కాదు. ఆరు ముప్ఫై ఆరుని భాగిస్తుంది. ముప్ఫై ఆరంటే నాలుగు తొమ్మిదులు. ఆరు నాలుగునీ భాగించదు, తొమ్మిదినీ భాగించదు. అక్కడి దాకా వాడు చక్కగా రాశాడు. బాగుచేయడం కూడా చేశాడు: భాగించే సంఖ్య ప్రధాన సంఖ్య అయితే నిజం. దాని రుజువు మూడు పంక్తుల్లో ముగించాడు. "రెండు సంఖ్యల్నీ ప్రధాన కారణాంకాలుగా విడగొడదాం. ఆ విభజన ఒకే రకంగా కుదురుతుంది కాబట్టి మన ప్రధాన సంఖ్య ఎక్కడో ఒకచోట కనపడాలి. స్పష్టం."

పదో తరగతి వాళ్ళు ఇది గుర్తుపట్టాలి. మీ మొదటి పాఠం, వాస్తవ సంఖ్యలు, అందులో అంకగణిత ప్రాథమిక సిద్ధాంతం: ఒకటి కన్నా పెద్దదైన ఏ సంఖ్యనైనా ప్రధాన సంఖ్యలుగా ఒకే రకంగా విడగొట్టగలం. రూట్ రెండు కరణీయ సంఖ్య అని చూపించేటప్పుడు దాని మీదే ఆధారపడతాం. సిద్ధాంతం నిజమే, మరి వాడి రాతలో తప్పేముంది? విభజన ఒకే రకంగా కుదురుతుందని రుజువు చేయాలంటే, మామూలు దారిలో, వాడు ఇప్పుడు చూపించాల్సిన విషయమే ముందు కావాలి. ఇది దాని మీద, అది దీని మీద నిలబడుతున్నాయి. "స్పష్టం" అన్న మాట చుట్టూ సున్నా చుట్టి ఊరుకుంటే వాడికి కోపం వస్తుంది తప్ప ఇంకేం రాదు.

అందుకని ఒక ప్రశ్న వేశాను. ప్రపంచంలో సరి సంఖ్యలు మాత్రమే ఉన్నాయనుకో, బేసి సంఖ్యల పేరే ఎవరూ వినలేదనుకో. అక్కడ అరవైని విడగొట్టు. వాడు రెండు ఇంటూ ముప్ఫై అన్నాడు. ముప్ఫైని ఇంకా విడగొట్టగలవా? రెండు ఇంటూ పదిహేను... పదిహేను లేదుగా. కాబట్టి ఆ లోకంలో ముప్ఫై ప్రధాన సంఖ్యే. కాసేపటికి వాడే, "ఆరు ఇంటూ పది కూడా వస్తుంది" అన్నాడు. ఆరునీ విడగొట్టలేం, పదినీ విడగొట్టలేం. అరవై రెండు రకాలుగా విడిపోయింది. అప్పుడు తన కాగితం వంక చూసుకున్నాడు. నేను ఇంకేం అనలేదు, వెళ్ళి పడుకున్నాను. మర్నాడు కాదు, ఆ మర్నాడు గసాభా, అంటే గరిష్ఠ సామాన్య భాజకం, పట్టుకొచ్చాడు. ప్రధాన సంఖ్య మొదటిదాన్ని భాగించకపోతే ఆ రెంటి గసాభా ఒకటి, గసాభా కనుక్కునే యూక్లిడ్ భాగహారాన్ని వెనక్కి నడిపిస్తే ఆ ఒకటిని రెంటితోనూ రాయొచ్చు, ఆ సమీకరణాన్ని రెండో సంఖ్యతో గుణించు. మిగతాది మీరు ఇంటికెళ్ళి పూర్తి చేయండి. పనిలో పనిగా, ప్రధాన సంఖ్యే కానక్కర్లేదు, గసాభా ఒకటైతే చాలని కూడా రాసుకొచ్చాడు. అది నేను అడగలేదు.

ప్రొఫెసర్లుండగా ఈ పని ఏడాది పెద్దవాళ్ళకి ఎందుకు అని అడగొచ్చు. ప్రొఫెసర్‌కి ఆ మెలిక ఎప్పుడో విడిపోయింది, అక్కడ మెలిక ఉండేదన్న సంగతే మర్చిపోయి ఉంటారు. నాకు పోయిన వేసవిలోనే విడింది, ఇంకా గుర్తుంది. రెండోసారి అదే క్లాసులో కూర్చున్నప్పుడు నాకు తెలుసనుకున్న చాలా రుజువులు ఇంకొకరి చేతిరాతలో చదివితేగానీ అర్థం కాలేదన్నది ఇంకో నిజం. ఒకే ప్రశ్నకి పది మంది పది దారుల్లో రాస్తే ఆ పదీ చదవాలి. అందులో మూడు నాకు తట్టనివే ఉంటాయి. ఇలా తిరిగొచ్చినవాళ్ళ వల్లే ఆ బడి పాకింది కూడా. అక్కడ చదువుకున్న గ్లెన్ స్టీవెన్స్, మరికొందరు పాత విద్యార్థులు కలిసి 1989లో బోస్టన్ విశ్వవిద్యాలయంలో ప్రోమిస్ అనే సమ్మర్ స్కూల్ పెట్టారు, అక్కడా ఇదే పద్ధతి.

తల్లిదండ్రులు ఒక మాట వినాలి. మన పద్ధతి అంతా దండగ అని చెప్పడానికి రాలేదు. అక్కడ సిద్ధాంతం చెప్పే ముందు బోలెడు లెక్కలు చేతితో చేయిస్తారు, పదమూడుతో శేషాలు, పదిహేడుతో శేషాలు, పేజీలకి పేజీలు. మనవాళ్ళ ఎక్కాలు అక్కడ బాగా పనికొచ్చాయి. ఇబ్బంది ఎక్కడంటే, మనం జవాబు రాగానే పేజీ తిప్పేస్తాం. ఆ శేషాల పట్టిక వైపు కాసేపు ఊరికే చూడటానికి స్టడీ అవర్‌లో సమయం ఉండదు, వార్డెన్ వస్తాడు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. రాస్‌కి ఫీజు ఎక్కువే, స్థోమత లేనివారికి సాయం ఉంటుంది. ప్రవేశానికి ర్యాంకు అడగరు, కొన్ని ప్రశ్నలిచ్చి వారాల తరబడి ఆలోచించి రాయమంటారు. అంత దూరం వద్దనుకుంటే మన దేశంలో 1993లో గణితం ప్రొఫెసర్ కుమరేశన్ గారు మొదలుపెట్టిన ఎంటీటీఎస్ (మ్యాథమెటిక్స్ ట్రైనింగ్ అండ్ టాలెంట్ సెర్చ్) అనే శిక్షణ శిబిరం ఉంది. ఆయనే ఆ తర్వాత మన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ పాఠాలు చెప్పారు. అది డిగ్రీ, పీజీ విద్యార్థులకి, వేసవిలో నాలుగు వారాలు. అక్కడ కూడా మాస్టారు చెబుతూ పోవడం కాదు, పిల్లల చేత చెప్పిస్తారు. డిగ్రీలో లెక్కలు తీసుకున్న అక్కలూ అన్నయ్యలూ ఇంట్లో ఉంటే ఈ పేరు చెప్పండి.

ఈ వారమంతా సాయంత్రం నాలుగున్నర నుంచి నేను మాస్టారి గదిలో ఉంటాను, హెడ్మాస్టర్ గారు ఒప్పుకున్నారు. గసాభా రుజువు పూర్తి చేసినవాళ్ళు రండి. కాగితం మీద రాసి తీసుకురండి, నోటితో చెబితే చూడను. ఇద్దరు కలిసి చేస్తే ఇద్దరి పేర్లూ రాయండి.