అట్టపెట్టె, పాత పంచె, ఒక బల్బు: ఇంట్లోనే నగల ఫోటోలు

(తెర మీద: ఒకే జత జుంకీలు, రెండు ఫోటోలు పక్కపక్కన)

ఈ రెండు ఫోటోలు చూడండి. జుంకీలు అవే, ఫోను అదే, రెండూ ఒకే రాత్రి తీసినవి. ఎడమ పక్కది మంచం మీద దుప్పటి పరిచి ఫ్లాష్ వేసి తీసింది, కుడి పక్కది మా వంటింట్లో అట్టపెట్టెలో పెట్టి తీసింది. మొదటి దాంట్లో మెరుపు మచ్చలు తప్ప పనితనం కనపడదు. రెండో దాంట్లో బుట్ట మీది ఒక్కొక్క పూసనూ లెక్కపెట్టుకోవచ్చు.

మాది ప్రొద్దుటూరు, కడప జిల్లా. బంగారు అంగళ్లకు పేరున్న ఊరు. మా వదిన ఇంట్లో నుంచే వన్ గ్రామ్ గోల్డ్ నగలు వాట్సాప్‌లో పెట్టి అమ్ముతుంది. పోయిన శ్రావణంలో ఒక హారం వెనక్కి వచ్చింది. ఫోటోలో ఎర్రగా మంచి బంగారు రంగులో ఉంది, చేతికొచ్చాక చూస్తే పాలిపోయినట్టు ఉంది అని కొన్నామె చెప్పింది. ఆమె చెప్పింది నిజమే, ఆ ఫోటో పసుపు బల్బు కింద తీసింది. వదిన బాధపడి "ఫోను మార్చాలేమో అబ్బీ" అంది. వద్దు వదినా, ముందు వెలుగు మారుద్దాం అన్నాను. ఆ మార్చింది ఏంటో ఈరోజు మొత్తం చెప్తాను.

(తెర మీద: మిట్టమధ్యాహ్నం మిద్దె మీద దండెం, దాని నీడ)

ముందు ఈ నీడ చూడండి. మన ఎండకు నీడ కత్తితో కోసినట్టు పడుతుంది. అదే మబ్బు పట్టిన రోజు చూస్తే నీడ ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. ఎందుకంటే సూర్యుడు ఎంత పెద్దవాడైనా అంత దూరం నుంచి మనకు చిన్న బిళ్ల లెక్క కనిపిస్తాడు, మబ్బు అడ్డమొస్తే ఆ వెలుగు ఆకాశమంతా పరుచుకుని ఆకాశమే పెద్ద దీపం అవుతుంది. వెలుగు చిన్న చోటి నుంచి వస్తే నీడ గట్టిగా పడుతుంది, పెద్ద చోటి నుంచి వస్తే మెత్తగా పడుతుంది. ఫోను ఫ్లాష్ కందిగింజంత ఉంటుంది కాబట్టి మన మిట్టమధ్యాహ్నం కంటే మెరుగ్గా ఏమీ ఉండదు.

చిన్న వస్తువులు తీసేవాళ్లకు ఇక్కడే ఒక గొప్ప సౌకర్యం ఉంది. మనిషిని మెత్తటి వెలుగులో తీయాలంటే గోడంత తెల్లబట్ట కావాలి. రెండు అంగుళాల జుంకీకి అడుగు వెడల్పు బట్ట ఉంటే చాలు, దానికి అదే ఆకాశం. వేలకు వేలు పోసి లైట్లు కొనొద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే.

(తెర మీద: అట్టపెట్టెను కత్తిరించడం)

పెట్టె ఒకటిన్నర అడుగు ఉంటే బాగుంటుంది. కుడి, ఎడమ, పైన, మూడు వైపులా అంచుకు రెండు అంగుళాలు వదిలి మధ్యలో కిటికీలాగా కోసేయండి. ఆ కిటికీలకు తెల్లబట్ట బిగించి అంటించండి. మేము నాన్న పాత పంచె వాడాం. పంచె విషయంలో ఒక్క జాగ్రత్త, నీలిమందు పెట్టి ఉతికిన దానిలోంచి వచ్చే వెలుగు నీలంగా ఉంటుంది, బాగా పాతబడి పసుపెక్కిన దాంట్లోంచి పసుపుగా వస్తుంది, ఆ తేడా నేరుగా నగ రంగు మీద పడుతుంది. అనుమానం ఉంటే స్టేషనరీ అంగట్లో ట్రేసింగ్ పేపర్ తెచ్చుకోండి.

లోపల తెల్ల చార్టు ఒకటి. వెనక పైనుంచి వేలాడదీసి, కింద మూల దగ్గర మడత పెట్టకుండా వంపు తిప్పి ముందుకు లాగండి. వెనక గోడకూ నేలకూ మధ్య గీత కనపడదు.

ఇక బల్బు. 9 వాట్ల ఎల్‌ఈడీ, డబ్బా మీద కూల్ డే లైట్ అని 6500 కె అని ఉంటుంది, అది. పాత ఫిలమెంటు బల్బు మాత్రం వద్దు, దాని వేడికి బట్టా అట్టా అంటుకునే ప్రమాదం ఉంది. బల్బును బట్టకు ఆనించి పెడితే మధ్యలో ఒక్క చోటే వెలుగుతుంది, జానెడు దూరం జరిపితే బట్టంతా సమంగా వెలుగుతుంది. అట్లని మరీ దూరం పోవద్దు, దూరం రెండింతలైతే నగ మీద పడే వెలుగు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. ఫోటో తీసేటప్పుడు గదిలో మిగతా లైట్లన్నీ ఆర్పేయండి. ఒక పక్క తెల్ల వెలుగు, ఇంకో పక్క పసుపు వెలుగు కలిస్తే ఏ ఫోనూ రంగు సరిగ్గా పట్టుకోలేదు.

చాలామంది రెండు పక్కలా రెండు బల్బులు పెట్టమంటారు. నాకు అది నచ్చదు. రెండు వైపులా సమానంగా వెలుగు పడితే నగిషీ అంతా చదునైపోతుంది. ఒక పక్క బల్బు, ఇంకో పక్క పెట్టె లోపల తెల్ల థర్మోకోల్ ముక్క పెట్టండి, ఆ ముక్క కొంత వెలుగును వెనక్కి కొట్టి నీడను పలచబరుస్తుంది. నీడ కొంచెం ఉండాలి, నీడ ఉంటేనే బుట్ట బుట్టలాగా గుండ్రంగా కనిపిస్తుంది.

(తెర మీద: ఉంగరం దగ్గరగా, అందులో ఫోను ప్రతిబింబం)

మెరిసే లోహం దగ్గర అందరూ తడబడతారు. పాలిష్ చేసిన ఉంగరం ఒక అద్దం. అద్దంలో ఏముంటే ఫోటోలో అదే వస్తుంది, మీ చెయ్యి, మీ ఫోను, మీరు వేసుకున్న చొక్కా రంగుతో సహా. అందుకే పెట్టె ముందు వైపు కూడా ఒక చార్టు అడ్డం పెట్టి, లెన్స్ పట్టేంత రంధ్రం చేసి అందులోంచి తీయండి. అయితే చుట్టూ అంతా తెలుపే అయితే బంగారం పాలిపోయి ప్లాస్టిక్‌లాగా ఉంటుంది. వేలెడు వెడల్పు నల్ల కాగితం ముక్కను నగకు ఒక పక్క, ఫోటోలో పడకుండా నిలబెట్టి చూడండి. ఆ నలుపు అంచు మీద సన్నటి గీతలాగా పడి ఉంగరానికి ఆకారం వస్తుంది. మొదటిసారి ఇది చూసినప్పుడు వదినా నేనూ ఆ కాగితాన్ని అటూ ఇటూ జరుపుతూ గంట సేపు కూర్చున్నాం.

వెండికీ ముత్యాలకూ నల్ల నేల బాగుంటుంది. దానికి కొనాల్సిన పనే లేదు, కడప నల్లబండ ముక్క మన ఇళ్లల్లో ఎక్కడో ఒకచోట పడి ఉంటుంది. నున్నటి వైపు కాకుండా గరుకు వైపు పైకి పెట్టండి, నున్నటి వైపు బల్బు కనిపిస్తుంది. దుమ్ము తుడవండి, కంటికి కనపడనిది కూడా ఫోటోలో కనపడుతుంది.

ఫోనుకు ఒక అలవాటు ఉంది. నలుపు ఎక్కువ కనిపిస్తే చీకటి అనుకుని వెలుగు పెంచేస్తుంది, తెలుపు ఎక్కువైతే తగ్గించి చార్టును బూడిద రంగు చేస్తుంది. తెర మీద నగ దగ్గర వేలు పెట్టి నొక్కి పట్టుకుంటే ఫోకస్ కదలకుండా అక్కడే నిలిచిపోతుంది, అప్పుడు పక్కన వచ్చే వెలుగు పెంచే తగ్గించే గీతను నల్లబండకు కిందికి, తెల్ల చార్టుకు పైకి జరపండి. మరీ దగ్గరికి పోతే ముందు భాగం ఉబ్బినట్టు వస్తుంది, అడుగు దూరంలో ఉండి 2 రెట్లు జూమ్ చేయండి. ఫోనును పుస్తకాల దొంతికి ఆనించి 2 సెకన్ల టైమర్ పెట్టండి. ఫోటోలో అడ్డంగా నల్ల చారలు వస్తే కంగారు పడొద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కొన్ని బల్బులు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి, కెమెరాలో అన్నీ మనమే పెట్టుకునే ప్రో మోడ్‌లో షట్టర్ వేగం 1/50 సెకను గానీ 1/100 సెకను గానీ పెడితే చారలు పోతాయి.

(తెర మీద: తోలుబొమ్మ, ముందు వెలుగుతో ఒకసారి, వెనక వెలుగుతో ఒకసారి)

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మల గురించి వినే ఉంటారు. అక్కడ చేసిన అరచెయ్యంత బొమ్మ ఒకటి తెచ్చి ఇదే పెట్టెలో పెడితే అట్టముక్కలాగా వచ్చింది. చాలాసేపటికి అర్థమైంది. పలచగా గీకిన మేకతోలు మీద ఆ రంగులు వేసేదే వెనక దీపం వెలగడానికి. పెట్టె పక్కకు తిప్పి, పంచె కట్టిన కిటికీకే బొమ్మను ఆనించి, వెనక బల్బు వెలిగించాం. ఎరుపు, పచ్చ ఒక్కసారిగా పొంగినట్టు వచ్చాయి, చిల్లుల్లోంచి చుక్కలు చుక్కలుగా వెలుగు. తెల్లబట్ట, వెనక దీపం. తోలుబొమ్మలాట వాళ్లు తరతరాలుగా చేస్తున్నది అదే. గాజు సీసా, తేనె, ఆకు, వెలుగు లోపలికి పోయేది ఏదైనా ఇట్లాగే తీయండి.

ఫోటో పంపే ముందు వదిన ఇప్పుడు ఒక పని తప్పకుండా చేస్తుంది. ఫోనులో కళ్లకు హాయిగా ఉండే పసుపు తెర ఆపేసి, పొద్దున పూట వసారాలో నీడలో నిలబడి, నగను తెర పక్కన పట్టుకుని రెండూ ఒకటేనా అని చూస్తుంది. తేడా ఉంటే రంగు సరిచేస్తుంది, కుదరకపోతే మళ్లీ తీస్తుంది. ఒక ఫోటో చేతికి పెట్టుకుని తీసి కలుపుతుంది, సైజు తెలియడానికి.

పని అయ్యాక పెట్టెను బీరువా పైన పెట్టేయండి. చార్టు మాత్రం తీసి చుట్టి పెట్టుకోండి, ఒక్క మడత పడినా తర్వాతి ఫోటోలో గీత కనిపిస్తుంది.