సిమెంటు గుడారంలో ఒక రాత్రి: హోల్‌బ్రూక్ విగ్వామ్ మోటెల్ | రివ్యూ

నమస్కారం. తెర మీద వరసగా కనిపిస్తున్న ఈ తెల్లటి గుడారాలు సినిమా సెట్టింగు కాదు. ఉక్కు, సిమెంటు కలిపి కట్టినవి. ఒక్కొక్కటీ ఒక్కో గది. అరిజోనాలోని హోల్‌బ్రూక్ ఊళ్ళో, రూట్ 66 అనే పాత రహదారి పక్కన 1950 నుంచి నిలబడి ఉన్న విగ్వామ్ మోటెల్ ఇది. విగ్వామ్ అంటే అమెరికా ఆదివాసుల ఒక రకం ఇల్లు. గ్రాండ్ కాన్యన్ చూసి తూర్పుకు బయలుదేరే మనవాళ్ళు ఇక్కడ కారు ఆపి నాలుగు ఫోటోలు దిగుతారు, ఆ తరవాత వెళ్ళి అన్ని ఊళ్ళలోనూ ఒకేలా ఉండే హోటల్లో పడుకుంటారు. అలాంటివాళ్ళను ఇక్కడ ఒక రాత్రి ఆపాలన్నదే నా ప్రయత్నం.

అసలు సిమెంటుతో గుడారం కట్టాలని ఎవరికి తోచింది? కెంటకీ రాష్ట్రంలో ఫ్రాంక్ రెడ్‌ఫోర్డ్ అనే ఆయనకు. 1930లలో హార్స్ కేవ్ అనే ఊరి దగ్గర మొదటిది కట్టి, 1936లో ఆ ఆకృతికి పేటెంటు కూడా తీసుకున్నాడు. ఇది వట్టి పిచ్చి కాదు, వ్యాపారపు తెలివి. అప్పటికి అమెరికా జనం కార్లలో ఊళ్ళు తిరగడం మొదలుపెట్టారు. వేగంగా పోయే డ్రైవరు తల తిప్పి చూసేది రెండు మూడు క్షణాలే. అంతలో బోర్డు చదివించడం కష్టం. అందుకే భవనాన్నే బోర్డుగా మార్చేశారు. సుమారు 30 అడుగుల ఎత్తున్న గుడారాన్ని వెనక సీట్లో పిల్లలు చూశారంటే, ఇక ఆ కారు ముందుకు కదిలేది అనుమానమే!

హోల్‌బ్రూక్‌లో దీన్ని కట్టించినవాడు చెస్టర్ లూయిస్. కెంటకీలోని కేవ్ సిటీలో రెడ్‌ఫోర్డ్ కట్టిన రెండో విగ్వామ్ గ్రామాన్ని (ఇలాంటి గుడారాల మోటెల్‌కు పెట్టిన పేరది) చూసి ముచ్చటపడి, నమూనా వాడుకునే హక్కు తీసుకున్నాడు. దానికి చెల్లింపు ఎలాగో వినండి. ఈ కథ మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ముక్క ఇదే. ప్రతి గదిలోనూ నాణెం వేస్తే పాడే రేడియో పెట్టారు. 10 సెంట్లు వేస్తే అరగంట పాట. ఆ డబ్బాల్లో పడిన చిల్లరే రెడ్‌ఫోర్డ్‌కు చేరే ప్రతిఫలం. అంటే ఒక మనిషి పేటెంటు రాబడి, నిద్ర పట్టని ప్రయాణికుల మీద ఆధారపడింది! నేటి వ్యాపార పాఠశాలల్లో దీనికి పెద్ద పేరేదో పెట్టి రెండు గంటలు పాఠం చెబుతారు.

ఇలాంటి గ్రామాలు మొత్తం ఏడు వెలిశాయి. మిగిలినవి మూడు: కేవ్ సిటీలోది, ఇది, కాలిఫోర్నియాలో శాన్ బెర్నార్డినో దగ్గరున్న ఏడోది. ఆ ఏడోది పాడుబడిపోతున్న దశలో, 2003లో గుజరాతీ మూలాలున్న ఒక పటేల్ కుటుంబం కొని బాగుచేసింది. అమెరికా మోటెళ్ళలో పెద్ద వాటా భారతీయుల చేతుల్లో ఉందని మనకు తెలుసు. రూట్ 66 జ్ఞాపకాలను నిలబెట్టడంలోనూ వాళ్ళ చెయ్యి ఉందన్న సంగతి మాత్రం పెద్దగా ఎవరూ చెప్పుకోరు.

మళ్ళీ హోల్‌బ్రూక్‌కు వద్దాం. 1970లలో ఇంటర్‌స్టేట్ 40 అనే కొత్త హైవే ఊరిని తప్పించి పక్కనుంచి వెళ్ళిపోయింది. దానితోపాటే గిరాకీ కూడా పోయింది. 1974లో లూయిస్ ఈ వ్యాపారం నుంచి తప్పుకున్నాడు, 1986లో చనిపోయాడు. ఆయన పిల్లలు మరమ్మతులు చేయించి 1988లో మళ్ళీ తలుపులు తెరిచారు. పెట్రోలు పంపులు తీసేశారు గాని, హికరీ కర్రతో చేసిన పాత సామాను తీయలేదు. ఆఫీసు గదిలో తండ్రి సేకరించిన వస్తువులతో చిన్న ప్రదర్శనశాల పెట్టారు.

2002లో ఇది అమెరికా జాతీయ చారిత్రక స్థలాల రిజిస్టర్‌లోకి ఎక్కింది. పేరు ఎక్కగానే సర్కారు కాపాడుతుందని అనుకోకండి. అక్కడి చట్టంలో ఈ జాబితా వల్ల గౌరవం వస్తుంది, పన్ను రాయితీకి దారి ఏర్పడుతుంది. అంతే. యజమాని సొంత డబ్బుతో రేపు కూల్చేసుకుంటానంటే ఈ జాబితా ఆపలేదు. కాబట్టి ఇలాంటి చోటును నిజంగా కాపాడేది గది అద్దెకు తీసుకున్న మనిషే. ఫోటో దిగి వెళ్ళిపోతే పైకప్పు సున్నానికి డబ్బు ఎక్కడినుంచి వస్తుంది?

నాకు ఇబ్బందిగా అనిపించిన విషయం ఒకటుంది. ఈ గుడారం ఆకారం లకోటా, షయాన్ వంటి అమెరికా మైదాన ప్రాంతపు ఆదివాసీ జాతులది. హోల్‌బ్రూక్ చుట్టుపక్కల ఉండే ఆదివాసులు నవహో, హోపీ ప్రజలు. వాళ్ళ ఇళ్ళు అసలు ఇలా ఉండవు. నవహోలది మట్టి, దుంగలతో కట్టిన హోగన్. హోపీలవి రాతి ఇళ్ళు. ఒకరి ఇంటిని ఇంకొకరి నేల మీద నిలబెట్టి, లాభం మూడోవాడు తీసుకున్నాడు. అలాగని కూల్చేయాలని అనను. కాని ఈ ముక్క చెప్పకుండా వట్టి అందమే చూపిస్తే చరిత్రను సగమే చెప్పినట్టు.

ఇక బస సంగతి. గది చిన్నది. గోడలు లోపలికి వాలి ఉంటాయి కాబట్టి పొడుగువాళ్ళు గోడ పక్కన నిలబడేటప్పుడు తల చూసుకోవాలి. స్నానాల గది ఒక మనిషికి సరిపోతుంది. దగ్గరలోనే రైలు పట్టాలున్నాయి, రాత్రి గూడ్సు బండ్లు పోతూనే ఉంటాయి. నిద్ర సున్నితమైన పెద్దవాళ్ళతో వస్తే ఆలోచించుకోండి. పిల్లలతో వస్తే అసలు ఆలోచించకండి. ముందు నిలిపి ఉంచిన పాత కార్లు, సాయంత్రం ఎండలో ఈ తెల్లటి గోడల మీది ఎర్ర గీతలు చూస్తే నేనైతే రైలు మోతను మన్నించేశాను.

రాళ్ళుగా మారిన పురాతన చెట్లుండే పెట్రిఫైడ్ ఫారెస్ట్ జాతీయ ఉద్యానం ఇక్కడికి అరగంట దూరమే. సాయంత్రానికి గేట్లు మూసేస్తారు కాబట్టి పొద్దున్నే వెళ్ళండి. గది ముందే ఖాయం చేసుకోండి, ఉన్నవి 15 గుడారాలే. నంబర్లు మాత్రం 16 దాకా ఉంటాయి. 13వ నంబరు కావాలని అడగకండి, అది కట్టనే లేదు.