ఏడో వీధి మూలన ఆగిన పాట

అందరికీ నమస్కారం.

వాషింగ్టన్ డీసీలో ఏడో వీధి, ఫ్లోరిడా అవెన్యూ కలిసే మూలన ఒక సెల్‌ఫోన్ షాపు. నల్లజాతీయుల చదువుకోసం పెట్టిన హోవార్డ్ యూనివర్సిటీ దగ్గరే. 1990ల నుంచి ఆ షాపు బయట స్పీకర్లలో గోగో పాటలు మోగేవి. గోగో డీసీలోనే పుట్టిన నల్లజాతీయుల సంగీతం. దరువు ఆగదు, ఒక పాటలోంచి ఇంకో పాటలోకి వెళ్లిపోతుంది. 2019 ఏప్రిల్‌లో అది ఆగింది. పక్కన కొత్తగా లేచిన ఖరీదైన అపార్ట్‌మెంట్ నుంచి ఫిర్యాదు వెళ్లిందట.

జనం రోడ్డెక్కారు. కొద్ది రోజుల్లోనే పాట మళ్లీ మొదలైంది. 2020లో గోగోను నగర అధికారిక సంగీతంగా ప్రకటించారు కూడా. పాట సరే, ఊరొదిలి వెళ్లిపోయిన నల్లజాతి కుటుంబాల సంగతేమిటి? 1970లో డీసీ జనాభాలో నల్లజాతీయులు 70 శాతం పైమాటే. 2020కి 41 శాతం.

ఈ నల్లజాతి పేటల్ని మొదట ఎండబెట్టింది ప్రభుత్వమే. 1930ల నుంచి నల్లజాతీయులుండే చోట ఇంటి అప్పులకు ఫెడరల్ హామీ దొరకలేదు. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య తర్వాత అల్లర్లలో ఏడో వీధి, పద్నాలుగో వీధి తగలబడ్డాయి. ఆ తర్వాత మెట్రో కోసం ఏళ్ల తరబడి ఆ దగ్గర్లోని యూ స్ట్రీట్‌ను తవ్వారు. దుమ్ము తిన్నది పాతవాళ్లు. 1991లో స్టేషన్ తెరిచాక, మెల్లగా బిల్డర్లు దిగారు.

అద్దెకున్నవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. సొంతిల్లున్న పెద్దవాళ్లకూ టెన్షనే. ఇంటి విలువతో పాటు పన్ను పెరుగుతుంది, పెన్షన్ పెరగదు. చాలామంది పక్క రాష్ట్రం మేరీల్యాండ్‌లోని ప్రిన్స్ జార్జెస్ కౌంటీకి మారిపోయారు. ఆదివారం మాత్రం కార్లలో పాత చర్చికే వస్తారు. వస్తే డబుల్ పార్కింగ్ అని కొత్తవాళ్ల ఫిర్యాదు! కొన్ని చర్చిలైతే పాతవాళ్ల వెనకే మేరీల్యాండ్‌కు తరలిపోయాయి.

డీసీ పక్కనే ఉన్న వర్జీనియాలో మన తెలుగువాళ్ల వీకెండ్ పార్టీల్లో ‘ఏరియా బాగా డెవలప్ అవుతోంది, ఇప్పుడే కొనేయాలి’ అనే మాట వినని వారున్నారా? కొనొద్దని నేననను. అక్కడ ఇప్పటిదాకా ఎవరున్నారో మాత్రం అడగండి.

డీసీలో 1980 నుంచి ఒక చట్టం ఉంది. కొన్ని మినహాయింపులు పోను, యజమాని అపార్ట్‌మెంట్ బిల్డింగ్ అమ్మాలనుకుంటే, కొనే అవకాశం ముందు అందులో అద్దెకున్నవాళ్లకే ఇవ్వాలి. కొందరు సంఘంగా ఏర్పడి నిజంగానే కొనుక్కున్నారు. చిక్కల్లా డబ్బు దగ్గరే. గడువులోగా అప్పు పుట్టాలి, అందుకు నగరం పెట్టే నిధి చాలాలి. ఏ మేయరు వచ్చినా బడ్జెట్‌లో ముందు చూడాల్సింది ఆ పద్దే.