పేటెంట్‌కి ఐదువేలా, లక్షన్నరా?

నమస్తే అండి. గాజువాక ఆటోనగర్‌లో వెల్డింగ్ షాపు నడిపే ఒకాయన మన ఛానల్‌కి రాశారు. చేపల బోట్లలో వల లాగే వించి ఉంటుంది కదా, దానికో బ్రేకు చేశారట. తాడు జారిందంటే దానంతటదే పట్టేస్తుంది. "పేటెంట్‌కి ఒకరు ఐదారువేలు చాలంటున్నారు, ఇంకొకరు లక్షన్నర తెచ్చుకోమంటున్నారు, ఎవర్ని నమ్మాలి సార్?" అని అడిగారు.

ఇద్దరూ అబద్ధం చెప్పలేదండి. మొదటాయన ప్రభుత్వానికి కట్టేది మాత్రమే చెప్పాడు. రెండో ఆయన, అప్లికేషన్ రాసిపెట్టే పేటెంట్ ఏజెంటు ఫీజు కూడా కలిపి చెప్పాడు.

అసలు లెక్కకి ముందు ఒక్క మాట. మీ మెషీన్ల వీడియోలు నాకు పంపకండి, యూట్యూబ్‌లోనూ పెట్టకండి. అప్లికేషన్ వేయకముందే బయటపడితే, ఇందులో కొత్తదనం లేదని మీ వీడియోనే మీకు చూపించి కొట్టేయొచ్చు. ముందు అప్లికేషన్ పడాలి, ఆ తర్వాతే ప్రచారం.

ఇక లెక్క. మామూలు వ్యక్తి, స్టార్టప్, చిన్న పరిశ్రమ, కాలేజీ, వీళ్లెవరైనా ఆన్‌లైన్‌లో వేస్తే అప్లికేషన్‌కి 1,600 రూపాయలు. పెద్ద కంపెనీకైతే 8,000. తర్వాత "నా అప్లికేషన్ పరిశీలించండి" అని విడిగా అడగాలి. దానికి 4,000, పెద్దవాళ్లకి 20,000. అంటే మన ఆటోనగర్ అన్నకి మొత్తం 5,600. విశాఖ చెన్నై పేటెంట్ ఆఫీసు పరిధిలోకి వస్తుంది. అలాగని రైలెక్కక్కర్లేదు, అధికారి ముందు మన వాదన వినిపించే హియరింగ్ కూడా వీడియోలోనే అయిపోతుంది.

సొంత పేరు మీద వేస్తే ఏ సర్టిఫికెట్టూ అడగరు. చిన్న పరిశ్రమ పేరు మీదైతే ఉద్యం రిజిస్ట్రేషన్ చూపించాలి. పెద్ద కంపెనీని భాగస్వామిగా చేర్చారా, రాయితీ పోయినట్టే. మధ్యలో దాని పేరుకి రాసిచ్చినా తేడా డబ్బు కట్టాల్సిందే.

మరి లక్షన్నర ఎక్కడికి పోతుంది? చాలావరకు రాతకి. ఏజెంటు ఉండి తీరాలని చట్టంలో లేదు, మీరే వేసుకోవచ్చు. కానీ "క్లెయిములు" అని ఉంటాయి. ఇదిగో, నా హక్కు ఇంతవరకు అని గీసుకునే వాక్యాలు. అన్న గనక తనే కూర్చుని "రెండు స్ప్రింగులు, రబ్బరు ప్యాడు ఉన్న బ్రేకు" అని రాశారనుకోండి. పక్క షాపువాడు ఒకటే స్ప్రింగు పెట్టి, రబ్బరు తీసేసి ఫైబరు వేస్తాడు. అంతే, వాడు దొరకడు! అసలు కొత్తదనం తాడు జారడాన్ని పసిగట్టే తీరులో ఉంటే, దాన్ని పట్టుకుని రాయాలి. అది తెలిసినవాళ్ల పని. నన్నడిగితే డబ్బు ఖర్చుపెట్టాల్సింది ఇక్కడే, మిగతా చోట్ల బిగపట్టండి. 30 పేజీలు, 10 క్లెయిములు దాటితే మాత్రం అదనంగా పడుతుంది: పేజీకి 160, క్లెయిముకి 320.

ఏజెంటుని మొదటి రోజే ఒకటి అడగండి: "ఎగ్జామినర్ అభ్యంతరాలు పంపితే జవాబు రాయడం, హియరింగ్‌కి రావడం, ఇవి ఈ రేటులోనే ఉన్నాయా?" దాదాపు ప్రతి అప్లికేషన్‌కీ అభ్యంతరాలు వస్తాయి. జవాబుకి ఆరు నెలల గడువు. అప్పుడు ఇంకో బిల్లు, హియరింగ్‌కి మరో బిల్లు, అలా తడిసి మోపెడవుతుంది. ముందే కాగితం మీద రాయించుకోండి.

ఏజెంటు దగ్గరికి వెళ్లేముందు ఓ ఆదివారం ఆర్కే బీచ్ మానేసి గూగుల్ పేటెంట్స్‌లో, మన పేటెంట్ ఆఫీసు వాళ్ల ఇన్‌పాస్ సైట్‌లో వెతకండి. రెండూ ఉచితం. అలాంటి బ్రేకు ఎప్పుడో జపాన్‌లో ఎవరో చేసేసి ఉంటే లక్షన్నర మిగిలినట్టే కదా.

డిజైను ఇంకా పూర్తిగా కుదరకపోతే ప్రొవిజనల్, అంటే తాత్కాలిక అప్లికేషన్ వేయండి. అదే 1,600. తేదీ మీ పేరున పడుతుంది, పూర్తి వివరం ఇవ్వడానికి 12 నెలలుంటాయి. ఇందాక చెప్పిన పేజీల, క్లెయిముల పరిమితి దాటకపోతే దానికి మళ్లీ ఫీజు లేదు. 12 నెలలు దాటితే మాత్రం అప్లికేషన్ పోయినట్టే. ఇంకోటి, ప్రొవిజనల్‌లో రాయనిదానికి ఆ తేదీ వర్తించదు, కాబట్టి రెండు లైన్లు గీకి పడేయకండి.

పబ్లిష్ అంటే పేటెంట్ ఆఫీసు మీ అప్లికేషన్‌ని అందరూ చూసేలా బయటపెట్టడం. అది తొందరగా చేయించడానికి 2,500 అంటారు. చాలామందికి అక్కర్లేదు, 18 నెలలు దాటితే అదే పబ్లిష్ అవుతుంది. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో పబ్లిష్ కాగానే "పేటెంట్ సాధించాం" అని గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టేస్తారు. పబ్లిష్ అయిందంటే హక్కు వచ్చినట్టు కాదండి బాబూ!

పరిశీలన ఫీజు కట్టడానికి మొదటి అప్లికేషన్ తేదీ నుంచి 31 నెలలుంది. ఈలోగా పది బోట్లవాళ్లు కొంటారో లేదో తేలిపోతుంది. కొనకపోతే ఆ 4,000 కట్టకండి. కట్టేశాక మనసు మారినా, మొదటి అభ్యంతరాలు రాకముందే వెనక్కి తీసుకుంటే 90 శాతం వరకు తిరిగొస్తుంది.

"వరల్డ్ పేటెంట్ ఇప్పిస్తాం" అని ఫోన్ వస్తే పెట్టేయండి. అలాంటిది లేదు. ఏ దేశానికి ఆ దేశమే, అక్కడి లాయరు, అక్కడి అనువాదం, అన్నీ లక్షల్లోనే. ఆ వించి బ్రేకు కాకినాడలో, పారాదీప్‌లో అమ్ముడుపోతుందేమో గానీ అమెరికా ఎందుకు చెప్పండి?

పేటెంట్ చేతికొచ్చాక కూడా, అప్లికేషన్ తేదీ నుంచి లెక్కేస్తే మూడో ఏటి నుంచి ఏటా కట్టాలి. ఆరో ఏడు దాకా 800, పదో ఏడు దాకా 2,400, పదిహేను దాకా 4,800, ఆపైన 8,000. ఇరవయ్యేళ్లూ కడితే 76,800. గ్రాంట్, అంటే పేటెంట్ మంజూరు, ఐదో ఏట వస్తే వెనకటి బాకీలన్నీ ఒకేసారి అడుగుతారు, కంగారుపడకండి. నాలుగేళ్లది ఒకేసారి ఆన్‌లైన్‌లో కడితే 10 శాతం తగ్గింపు ఉంది. మొదటి నాలుగు వాయిదాల మీద అది 320 రూపాయలు. దానికోసం ముందే కట్టేయకండి. బ్రేకులు ఆ ఏడాది ఎన్ని అమ్ముడయ్యాయో చూసుకుని, ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుని, ఏటికేడు కట్టుకోండి.