కందెనవోలు నుంచి నూర్‌మహల్ దాకా

పెద్దలకు, పిల్లలకు నమస్కారం.

మన కర్నూలుకు కందెనవోలు అనే పేరు ఎట్లా వచ్చిందో ఇక్కడ చాలామందికి తెలుసు. అలంపురం గుడికి రాళ్లు తోలే బండ్లు తుంగభద్ర దాటేముందు ఇక్కడ ఆగి, ఇరుసులకు కందెన పెట్టుకునేవని మన పెద్దలు చెబుతారు. బాటసారులు ఆగిన చోటే మన ఊరైంది. అందుకే నేను చూసొచ్చిన ఒక సత్రం గురించి మీకు చెప్పాలనిపించింది.

పోయిన చలికాలం అమ్మను తీసుకుని కారులో ఉత్తరాదికి పోయాం. మన ఊరి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారే పంజాబు దాకా పోతుంది. ఫిల్లౌర్ దగ్గర దాన్ని వదిలి కొంతదూరం పోతే నూర్‌మహల్ వస్తుంది. అక్కడొక మొఘలుల నాటి సరాయి, అంటే బాటసారుల సత్రం, ఉంది. జహంగీర్ చక్రవర్తి రాణి నూర్జహాన్ ఆజ్ఞ మీద జకరియా ఖాన్ అనే అధికారి కట్టించాడు. 1618 ప్రాంతంలో మొదలుపెట్టి రెండు మూడేళ్లలో పూర్తి చేశారు. ఆగ్రా నుంచి లాహోరుకు పోయేవాళ్ల బాట అది.

పడమటి వాకిలి అంతా ఎర్రరాయి. దాని మీద తామరలు, నెమళ్లు, పోట్లాడుకునే ఏనుగులు చెక్కి ఉన్నాయి. అమ్మ చేత్తో తడిమి, "మన గాలిగోపురం మాదిరే ఉంది నాయనా" అంది. లోపల విశాలమైన ఆవరణ, బావి, మసీదు. చుట్టూ వందకు పైగా చిన్న గదులు, ముందు వసారా. చీకటి పడితే పెద్ద తలుపులు మూసేవాళ్లు. సరుకు, పశువులు, మనుషులు అంతా లోపలే. దొంగల భయం లేకుండా నిద్రపోవడం ఆ రోజుల్లో ఎంత పెద్ద సౌకర్యమో ఆలోచించండి! అమ్మ ఒక గది గడప మీద చాలాసేపు కూర్చుంది. "ఇది కట్టమని చెప్పింది ఒక ఆడమనిషే కదా, అందుకే తలుపు గట్టిగా పెట్టించింది" అంది. ఆ మాట నాకు బాగా నచ్చింది.

మన సీమలోనూ బాటలు, సత్రాలు తక్కువేం కాదు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య కడప, అహోబిలం మీదుగానే పోయారు. ఏ మజిలీలో సత్రం ఉందో, ఎక్కడ నీళ్లు మంచివో రోజూ రాసుకున్నారు.

మా పల్లె పాతబాట పక్కన కూడా ఒక రాతి మంటపం, దిగుడుబావి ఉన్నాయి. మంటపం రాళ్లు కొన్ని ఇళ్ల పునాదుల్లోకి పోయాయి. బావి నిండా ప్లాస్టిక్ కవర్లే. చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఈ ఆదివారం మేం ఐదుగురం దాన్ని శుభ్రం చేయడానికి పోతున్నాం. తట్టలు, పారలు, మోకు సిద్ధంగా ఉన్నాయి. ఇంకో పదిమంది వస్తే సాయంత్రానికి అడుగు మెట్టు కనబడుతుంది.