అక్షింతల పురుగును తిరగేసి చూద్దాం

అందరికీ నమస్కారం. ముందుగా పేరు సంగతి. పేనుబంకను తిని పంటను కాపాడే పురుగునీ అక్షింతల పురుగనే అంటాం, వంగ ఆకును గీకి జల్లెడ చేసేదాన్నీ అలాగే పిలుస్తాం. రెండూ కాక్సినెల్లిడే కుటుంబానివే కాబట్టి పేరులో తప్పేమీ లేదు. చిక్కల్లా మందు కొట్టేటప్పుడే.

ఈ రెంటినీ విడదీయడం తేలికే. పేనుబంకను తినే వాటిలో మనం తరచూ చూసే ఆరు మచ్చల పురుగు వీపు నూనె రాసినట్టు మెరుస్తుంది. ఆకు తినేదాని వీపు మీద సన్నటి నూగు ఉంటుంది, అందుకే కాస్త మసకగా కనిపిస్తుంది. అయితే నూగునే నమ్ముకుంటే కష్టం. సిమ్నస్ లాంటి బుల్లి వేట పురుగులకూ నూగు ఉంటుంది. అప్పుడు దవడ చూడాలి. వేట పురుగు దవడ మొదట్లో ఒక పన్ను ఉంటుంది. ఆకు తినేదానికి అది ఉండదు, కొసన మాత్రం చాలా పళ్లుంటాయి.

అసలు టెన్షన్ ఆ తర్వాతే. వంగ మీది పురుగు ప్రజాతిని, అంటే దగ్గరి జాతుల గుంపును, చాలామంది ఇప్పటికీ ఎపిలాక్నా అంటారు. 1775లో ఫాబ్రీషియస్ అనే కీటక శాస్త్రవేత్త ఆ పురుగును కాక్సినెల్లా ప్రజాతిలో చేర్చాడు. 1961లో హెనోసెపిలాక్నా అనే ప్రజాతిని విడిగా ఏర్పరిచారు, ఇప్పుడది అందులో ఉంది. దాని జాతి పేరు విజింటిఆక్టోపంక్టాటా, అంటే ఇరవై ఎనిమిది చుక్కలది అని. ఒక్కో రెక్క పెంకు మీద 14 అన్నమాట. కానీ కొన్నిటికి చుక్కలు కలిసిపోతాయి, కొన్నిటికి కొన్ని చుక్కలు ఉండనే ఉండవు. అంచేత చుక్కలు లెక్కపెట్టి ప్రజాతి చెప్పేవారిని నేను నమ్మను.

పురుగును వెల్లకిలా తిప్పండి. హెనోసెపిలాక్నా ఆడ పురుగుకు పొట్ట అడుగున కనిపించే ఆరో పలక మధ్యలో నిలువుగా చీలి ఉంటుంది. ఎపిలాక్నాలో ఆ పలక చీలదు. కాలి గోళ్లు కూడా చూడండి. హెనోసెపిలాక్నా గోరు కొసన రెండుగా చీలి, మొదట్లో ఒక పన్నుతో ఉంటుంది. కానీ గోరు ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్పకండి.

మగదాని పలకకు ఆ చీలిక ఉండదు. దానికైతే పొట్ట విప్పి జననాంగాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టాల్సిందే. అందుకే తోటలోంచి ఒక్క పురుగు తెస్తే చాలదు, పదీ పదిహేను పట్టండి. ఎండిపోయిన వాటిని తిప్పే ముందు కాసేపు వేడి నీళ్లలో నానబెట్టండి, లేకపోతే కాళ్లు పుటుక్కున విరుగుతాయి.