చిన్నప్పటి చొక్కా

శ్రోతలకు నమస్కారం.

మొన్నామధ్య రాత్రి గిన్నెలు తోముతుంటే మా అమ్మాయి పక్కన చేరి అడిగింది: "నాన్నా, ఏసుప్రభువు దేవుడే కదా! మరి కొండెక్కి ఎవరికి ప్రార్థన చేసుకున్నారు?"

చేతిలో గిన్నె చేతిలోనే ఉండిపోయింది. సత్యోపదేశం తరగతిలో, అంటే గుడిలో చెప్పే విశ్వాస పాఠాల్లో, బట్టీపట్టిన జవాబులు నాకింకా నోటికొచ్చు. ఒక్కటీ ఈ ప్రశ్నకు అతకలేదు. "రేపు చెప్తానమ్మా" అని తప్పించుకున్నాను.

పడుకున్నాక సిగ్గేసింది. ఉద్యోగం నిలబెట్టుకోవడానికి ఎప్పటికప్పుడు ఏదో ఒకటి నేర్చుకుంటూనే ఉన్నాను. విశ్వాసం దగ్గరికొచ్చేసరికి మాత్రం పదేళ్ళప్పుడు కుట్టించిన చొక్కాలోనే దూరాలని చూస్తున్నాను. 1979లోనే అప్పటి పోపు, రెండవ జాన్ పాల్ జగద్గురువులు, సత్యోపదేశంలో పెద్దలకు చెప్పేదే అన్నిటికన్నా ముఖ్యమైన రూపమని రాశారు. మనమేమో అది పిల్లల వ్యవహారమనుకుని, వాళ్ళను తరగతిలో దింపి బయట ఫోన్ చూసుకుంటాం.

యేసు సభ స్థాపించిన పునీత లొయోలా ఇన్యాసి సంగతి చూడండి. 1521లో స్పెయిన్‌లోని పాంప్లోనా యుద్ధంలో ఫిరంగి గుండుకు కాలు విరిగి మంచాన పడ్డారు. పొద్దుపోక క్రీస్తు చరిత్ర, పునీతుల కథలు చదివారు. మూడేళ్ళ తరవాత, 33 ఏళ్ళ వయసులో, బార్సిలోనాలో పిల్లల మధ్య కూర్చుని లాటిన్ దిద్దుకున్నారు. పక్కనున్న కుర్రాళ్ళు ఎంత నవ్వుకున్నారో!

"ఆయనకు తీరిక ఉంది, మాకేదీ?" అంటారు. నిజమే. అందుకే నాకు కుదిరింది చెప్తాను. ఆదివారం పూజలో చదివే సువిశేషాలు, అంటే ప్రభువు జీవితం చెప్పే బైబిలు భాగాలు, మూడేళ్ళకోసారి తిరిగొస్తాయి: ఒక ఏడు మత్తయి, ఒక ఏడు మార్కు, ఒక ఏడు లూకా. యోహాను ఎక్కువగా పాస్కా కాలంలో, అంటే ఈస్టర్ రోజుల్లో, వినిపిస్తుంది. అంటే వచ్చే ఆదివారం ఏం చదువుతారో ముందే తెలుసు. దాన్ని సోమవారం నుంచే రోజుకోసారి చదువుతాను, బస్సులో అయినా సరే. రెండు మూడు నిమిషాల పని.

మార్కు సువిశేషంలో తుఫాను ఘట్టం అలాగే చదివాను. సోమవారం అలలే కనిపించాయి. గురువారానికి పడవ వెనకవైపు తలగడ కనిపించింది, దాని మీద నిద్రపోతున్న ప్రభువు కనిపించారు. ఆ తలగడ మాట రాసింది మార్కు ఒక్కరే. ఇన్నేళ్ళు గుడిలో విన్నాను గానీ, అది నా చెవిన పడనే లేదు.

ఇక మా అమ్మాయి ప్రశ్న. 1992లో వచ్చిన కతోలిక సత్యోపదేశ గ్రంథంలో 2865 పేరాలున్నాయి. మొదటి పేజీ నుంచి మొదలుపెడితే నాలాంటివాడు వారంలో అటకెక్కిస్తాడు. ప్రశ్న పట్టుకుని వెళ్తే దారి దొరుకుతుంది. నాకు 2599వ పేరాలో దొరికింది: దేవుని కుమారుడు మనిషైనప్పుడు, మానవ హృదయంతో ప్రార్థించడం నేర్చుకున్నారు, ప్రార్థన మాటలు తల్లి దగ్గరే నేర్చుకున్నారు. ఆ ప్రార్థన తండ్రికి.

మూడు రోజులు ఆలస్యంగా చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే మరియమ్మకి ఎవరు నేర్పారు?" అంది.

మళ్ళీ "రేపు" అన్నాను.